సింహాచలం మలుపు నుండి హింద్ మోటార్ దాకా

కర్మాగారంలో యంత్రాల బాగోగులు చూసే ఉద్యోగం చేసేవాడికి ఇంట్లో కుళాయి కారుతూనే ఉంటుందని ఒక మాట కలదు. నా విషయంలో కారినది కుళాయి కాదు, కరిగినది కారు. 2024 కార్తీక మాసంలో ఒక ఆదివారం నాడు మా అమ్మగారిని సింహాద్రి అప్పన్న దర్శనానికి తీసుకువెళ్ళి తిరిగి వస్తుండగా, కొండదారి మలుపులో వెనుక చక్రం గాలి పోయింది. ఎనభై రెండేళ్ళ అమ్మను నెమ్మదిగా దించి పిట్టగోడ మీద కూర్చోబెట్టి, చొక్కా చేతులు మడిచి జాకీ పెట్టాను. నాలుగు తిప్పులు తిప్పేసరికి అప్పడం విరిగినట్టు ఒక చప్పుడు వచ్చింది. జాకీ పైకి పోయింది. కారు పైకి రాలేదు. వంగి చూస్తే, తలుపుల కింద ఉండే రేకు పెట్టెలోకి జాకీ తల సగం దూరిపోయి ఉంది. చేతితో తడిమితే గోధుమరంగు పొరలు పిడికెడు రాలాయి.

ఆ కారు 1996 నాటి అంబాసిడర్. విద్యుత్ బోర్డులో ఇంజనీరుగా పదవీ విరమణ చేసిన మా నాన్నగారు గ్రాట్యుటీ సొమ్ముతో కొన్నది. ఆయన పోయిన తరువాత నాకు సంక్రమించింది. ఇంజను ఇప్పటికీ చలికాలంలో సైతం ఒక్క తిప్పుకే అందుకుంటుంది. పైరంగు మెరుస్తుంది. ఇంతకంటే కావలసినదేమున్నదని నేను ఇరవై ఏళ్ళుగా తృప్తిపడుతూ వచ్చాను.

మరునాడు మన కాలనీ సమీపంలోని గారేజీలో కారును గుంట మీద నిలిపి, చేతిలో స్క్రూడ్రైవరు, టార్చిలైటు పట్టుకొని కిందికి దిగాను. అడుగుభాగమంతా నల్లని తారు వంటి పూతతో నున్నగా ఉంది. ఆ పూత కొన్నేళ్ళ క్రితం ఒకచోట వేయించినదే. ఆ చోటు పేరు ఇక్కడ అనవసరం. తుప్పును గీకకుండానే దాని మీద పూత పూశారు. స్క్రూడ్రైవరు మొనతో గుచ్చితే పూత లోపలికి పోయింది. వెనుక రేకు లేదు. మెకానిక్కులు రన్నింగ్ బోర్డు అని పిలిచే రేకు దూలాలు రెండూ లోపలి నుండి తినివేయబడ్డాయి. వెనుక కమాను కట్ట ముందుకొస పట్టుకొనే బ్రాకెట్టు ఒకవైపు చుట్టూ పగిలింది. అన్నిటికంటే భయపెట్టినది, ముందు చక్రాల బరువును మోసే టార్షన్ బార్ల వెనుక కొసలు బిగించి ఉండే అడ్డదూలం. దాని ఎడమ కొస రేకు బెరడులా పొరలు విడిపోయింది.

ఇక్కడ ఒక సంగతి పాఠకులకు విన్నవించాలి. అంబాసిడర్ కారుకు లారీ వలె విడిగా చాసిస్ ఉండదు. బండి బలమంతా ఒకదానికొకటి అతికిన రేకు పెట్టెలలోనే ఉంటుంది. తలుపు కింది దూలం అలంకారం కాదు, వెన్నెముక. టార్షన్ బారు అనగా మెలివేసిన ఉక్కు కడ్డీ; ఆ మెలిక బలమే స్ప్రింగు పని చేస్తుంది. దాని కొస పట్టు తప్పితే ఆ మూల బండి ఒక్కసారిగా కూలబడుతుంది. అది కొండ మలుపులో జరిగితే, అమ్మ వెనుక సీట్లో ఉండగా జరిగితే ఏమయ్యేదో తలచుకొనేసరికి ఆ గుంటలో నాకు చెమటలు పట్టాయి.

సిగ్గు కూడా కలిగింది. ఆవిరి గొట్టాల మీద కప్పిన ఉష్ణరోధక పొర కింద తుప్పు ఎలా పెరుగుతుందో మన సంస్థ శిక్షణ తరగతులలో పదిహేనేళ్ళుగా పాఠం చెబుతున్నవాడిని నేనే. పైపూత నున్నగా ఉన్నదని సంతకం పెట్టవద్దు, పొర విప్పి మందం కొలిచి చూడండి అని యువ ఇంజనీర్లకు చెప్పినవాడిని నేనే. సముద్రపు గాలిలోని ఉప్పు, వర్షాకాలపు బురద, నీరు పోయేందుకు దూలాల అడుగున ఉంచిన రంధ్రాలు మూసుకుపోవడం, ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో తెలియనివాడిని కాను. ఇనుము తుప్పుగా మారినప్పుడు దాని ఘనపరిమాణం రెండింతలకు పైగా పెరిగి, అతుకుల నడుమ ఆప్పు కొట్టినట్టు రేకులను విడదీస్తుంది. అంతా తెలుసు, ఇంటి కారు కిందకు మాత్రం ఒక్కసారి వంగి చూడలేదు.

హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి ఫోనులో అమ్మేయమన్నాడు. పాత ఇనుము వ్యాపారి వచ్చి తూకం ధర చెప్పాడు. 2021లో పునరుద్ధరించిన రిజిస్ట్రేషన్ గడువు 2026లో ముగియనుండగా, ఈ స్థితిలో ఏ అధికారీ దానికి యోగ్యతాపత్రం ఇవ్వడు, ఇవ్వకూడదు కూడా. అమ్మను అడిగాను. ఆమె అన్న మాట ఇది: "ఒరే, మీ నాన్న గుర్తని దీన్ని ఉంచకు. గుర్తు కారులో ఉండదు. నా మోకాళ్ళు దీంట్లోకి ఒంగకుండా ఎక్కుతాయి. అందుకు ఉంచగలిగితే ఉంచు. పడిపోయేదైతే ఇప్పుడే అమ్మేయ్."

నిజమే. కొత్త కార్ల సీట్లు కొన్ని మరీ దిగువన, కొన్ని మరీ ఎగువన ఉండి ఆమెకు అందవు. అంబాసిడర్ సీటు కుర్చీ ఎత్తున ఉంటుంది. కనుక ప్రశ్న తేటపడింది: దీన్ని నిజంగా నమ్మదగినదిగా చేయగలమా, లేదా? మధ్యేమార్గం లేదు.

విశాఖలో గాలించాను. బుష్షులు, బ్రేకు గొట్టాలు, కమాను పట్టీలు దొరికాయి. రేకు భాగాలు ఎవరివద్దా లేవు. విజయవాడ ఆటోనగర్ వెళ్ళాను. బస్సులకు, లారీలకు బాడీలు కట్టే ఆ పేటలో రేకును కాగితంలా మడవగల చేతులున్నాయి. "రన్నింగ్ బోర్డులంటే మడిచి ఇస్తాం గానీ, ఆ బ్రాకెట్టు ప్రెస్సులో పడ్డ సరుకండీ, నమూనా లేకుండా చేస్తే మీరే మమ్మల్ని తిడతారు" అని ఒక మేస్త్రీ నిజాయితీగా చెప్పాడు. "కలకత్తా వెళ్ళండి. పుట్టిల్లు అక్కడే గదా" అని కూడా అతనే అన్నాడు.

2025 జనవరిలో పది రోజుల సెలవు పెట్టి హౌరా రైలెక్కాను. విశాఖ నుండి సుమారు 880 కిలోమీటర్లు. సంచిలో అడుగుభాగం ఛాయాచిత్రాలు, కొలతల కాగితం, ఒక చిన్న అయస్కాంతం, వెర్నియరు ఉన్నాయి. తీర్థయాత్రకు వెళ్ళేవాడి సామాను కాదది.

హౌరా స్టేషను వెలుపలికి రాగానే ఎదురయ్యేది 1943లో రాకపోకలకు తెరచిన హౌరా వంతెన. నట్లు బోల్టులు లేకుండా రివెట్లతో కూర్చిన ఆ ఉక్కు వంతెనలో 26,500 టన్నుల ఉక్కు ఉన్నది. అంతటి వంతెనకు కూడా అడుగునే రోగం పట్టింది. పాదచారులు ఉమ్మిన కిళ్ళీ ఉమ్ము ఉక్కు స్తంభాల మొదళ్ళను తినివేయడంతో, కొన్నేళ్ళ క్రితం వాటికి ఫైబర్ గ్లాసు తొడుగులు వేయవలసి వచ్చింది. ఆ తొడుగుల వద్ద నిలబడి కాసేపు చూశాను. నా స్క్రూడ్రైవరు గుచ్చిన రంధ్రం గుర్తుకు వచ్చింది.

మల్లిక్ బజారు పార్క్ స్ట్రీటు ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ రోడ్డును కలిసే కూడలి వద్ద ఉన్నది. దానికి కూతవేటు దూరంలోనే 1767లో ప్రారంభమైన సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానవాటిక. సంస్కృత పండితుడు సర్ విలియం జోన్స్ సమాధి అందులోనే ఉన్నది. ఒకవైపు మనుషుల సమాధులు, మరొకవైపు మోటారు వాహనాల అవయవాలు. ఒక దుకాణం నిండా తలుపులే, ఇంకొకదానిలో దీపాలే, వేరొకచోట కమాను కట్టలు కట్టెల మోపుల్లా నిలబెట్టి ఉన్నాయి. వాణిజ్య వాహనాలకు పదిహేనేళ్ళ వయోపరిమితి రావడంతో నగరపు పసుపు టాక్సీలు క్రమంగా తరిగిపోయాయి. రోడ్డు విడిచిన టాక్సీల భాగాలు అనేకం ఇటువంటి సందులకే చేరుతాయి.

నేను చేరిన దుకాణంలో అరవై దాటిన పెద్దమనిషి నా ఛాయాచిత్రాలను కళ్ళజోడు తీసి, పెట్టి, మళ్ళీ తీసి చూశాడు. "ఐసుజు ఇంజనా, పాతదా?" అని హిందీలో అడిగాడు. పెట్రోలు 1800 అని చెప్పగానే పైకప్పు మీదినుండి కాగితం చుట్టిన రన్నింగ్ బోర్డులు ఒక జత దింపించాడు. వాడనివి, గ్రీజు ఎండి వాటిని కాపాడింది. కమాను బ్రాకెట్లు టాక్సీ నుండి కోసినవి. అయస్కాంతం పెట్టి చూశాను. పుట్టీ పూసి దాచిన చోటయితే అయస్కాంతం అంటదు. సుత్తితో తట్టి విన్నాను. మంచి రేకు గణగణమంటుంది, తుప్పు రేకు గొంతు పోయినవాడిలా పలుకుతుంది. పిన్ను రంధ్రాలు కోలగా సాగలేదని వెర్నియరుతో నిర్ధారించుకున్నాను. ఆయన విసుక్కోలేదు సరికదా, టీ తెప్పించాడు.

అడ్డదూలం విషయానికి వచ్చేసరికి చిక్కుపడింది. ఆయన వద్ద ఒకటి ఉన్నది. బయటికి చక్కగానే ఉంది. ధర అడిగితే తల అడ్డంగా ఊపాడు. "గోడకు తగిలించుకుంటానంటే ఇస్తాను భాయ్ సాబ్, కారుకు వేస్తానంటే ఇవ్వను" అంటూ లోపలి మడతలో వేలు పెట్టి చూపించాడు. అతుకు వెంట వెంట్రుకవాసి పగులు. నేను అప్పటికే దాన్ని ఒకసారి చూసి బాగున్నదనుకున్నాను! అమ్ముకుంటే వచ్చే డబ్బును కాదని ఆ పగులును తానుగా చూపిన ఆ వ్యాపారికి మనసులో నమస్కరించాను. "నమూనాగా తీసుకెళ్ళండి, తరువాత తిరిగివ్వండి" అని చెప్పి, హింద్ మోటార్ స్టేషను వద్ద పాత కార్మికులు నడిపే ఒక షెడ్డు గుర్తులు చెప్పాడు. అన్ని వస్తువులకూ రసీదు తీసుకున్నాను. పాత భాగాలు కొనేవారు ఇది మరువరాదు.

మరునాడు హౌరా నుండి లోకల్ రైలు. లిలువా, బేలూరు, బాలీ, ఉత్తరపాడా దాటితే హింద్ మోటార్. ఒక కర్మాగారం పేరే స్టేషనుకు పేరయిన ఊరు. హిందుస్థాన్ మోటార్స్ సంస్థ 1942లో గుజరాతులోని ఓఖా రేవులో మొదలై, 1948లో ఈ హుగ్లీ తీరానికి తరలివచ్చింది. ఇంగ్లండుకు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డు నమూనాను ఆధారం చేసుకొని 1950ల చివరి నుండి అంబాసిడర్ ఇక్కడ తయారయింది. 2014 మే నెలలో పని నిలిచిపోయింది. 2017లో ఆ పేరును కూడా 80 కోట్ల రూపాయలకు ఒక ఫ్రెంచి కార్ల సంస్థకు విక్రయించారు. ప్రహరీగోడ వెంట నడుస్తుంటే లోపలి చెట్లు గోడ దాటి బయటికి వంగి కనిపించాయి. జీతపు రోజున సైకిళ్ళతో కిక్కిరిసే మన కర్మాగారం గేటు కళ్ళముందు మెదిలింది. ఏ సంస్థ ఉద్యోగికైనా ఆ నిశ్శబ్దం వినడం తేలిక కాదు.

షెడ్డులో ఇద్దరు వృద్ధులు, ఒక కుర్రవాడు ఉన్నారు. వచ్చీరాని హిందీలో నేను విషయం చెబుతుండగా మధ్యలో మా ఇంటికి ఫోను వచ్చింది. మాట్లాడి పెట్టేసరికి వారిలో ఒకాయన నవ్వుతున్నాడు. "ఏ ఊరు బాబూ మీది? ఇశాపట్నమా? మా తాతగోరు ఇచ్చాపురం నుండి జనపనార మిల్లుకొచ్చేరు బాబూ. నాను ఇక్కడే పుట్టినాను" అన్నాడు. హుగ్లీ ఒడ్డున జనపనార మిల్లులకు శ్రీకాకుళం, గంజాం ప్రాంతాల నుండి వలస వచ్చిన తెలుగు కుటుంబాల గురించి వినియున్నాను గాని, అంబాసిడర్ బాడీ షాపులో ఇరవై ఆరేళ్ళు వెల్డరుగా చేసిన తెలుగువాడిని కలుస్తానని ఊహించలేదు.

నమూనాను చూసి, నా ఛాయాచిత్రాలు చూసి, "కారు కొయ్యడం మొదలెట్టినారా?" అని అడిగాడు. లేదన్నాను. "బతికించినారు. కోసీముందు కొలవండి బాబూ. కోసీసినాక కొలిస్తే ఏటి నాభం?" అన్నాడు. కింద సుద్దతో బొమ్మ గీసి చెప్పాడు. పాత దూలం తీయకముందే తలుపు ఖాళీలకు అడ్డంగా ఇనుప కమ్ములు అతికించాలి. లేకుంటే దూలం తీయగానే బండి మధ్యలో కుంగి, ఆపై తలుపులు జన్మలో పడవు. బండి బరువు చక్రాల మీద ఉండగానే ఒక్కొక్క వైపే మార్చాలి. అతుకు పొడుగునా ఒకేసారి లాగరాదు. అంగుళం కుట్టు ఇక్కడ, అంగుళం అక్కడ, నడుమ చల్లారనివ్వాలి. ఇవి నేను పుస్తకాలలో చదివినవే. అయితే ఏ కుట్టు ముందు, ఏ కుట్టు వెనుక అన్నది ఏ పుస్తకంలోనూ లేదు. అది ఆయన వేళ్ళలో ఉంది.

అడ్డదూలం కొసలను వారు రెండు రోజులలో చేశారు. పగులు ఉన్న నమూనా నుండి అట్టముక్కల మీద ఆకృతి తీసి, పాతదానికంటే మందమైన రేకు కోసి, మడిచి, లోపల అదనపు పట్టీ వేసి అతికారు. ఆ వ్యవధిలో నేను ఉత్తరపాడాలో 1859లో స్థాపితమైన జయకృష్ణ గ్రంథాలయ భవనాన్ని దర్శించి, నది ఒడ్డున కూర్చున్నాను. అయినా మనసు షెడ్డులోనే ఉండిపోయి, సాయంత్రానికి అక్కడికే చేరాను. ఖర్చు విషయంలో ఆయన చెప్పిన మొత్తం చెప్పినట్టే తీసుకున్నాడు. పైన ఇవ్వబోతే వద్దన్నాడు. "పని అయినాక అడుగు ఫొటో పంపించండి. పైది వద్దు. పైది అందరూ పంపుతారు" అన్నాడు.

నమూనాను మల్లిక్ బజారులో తిరిగి అప్పగించి, సరుకును రైలు పార్సిలులో వేసి విశాఖ చేరాను. తరువాత మూడు వారాలు మా టింకరింగ్ మేస్త్రీ, నేను కలిసి పనిచేశాము. బ్యాటరీ తీగలు విప్పి, పెట్రోలు ట్యాంకు దించి దూరంగా పెట్టించిన తరువాతే వెల్డింగు ముట్టించాము. కోయకముందు అడుగున మూల నుండి మూలకు కొలిచితే రెండు కర్ణాల నడుమ మూడు మి.మీ. తేడా ఉంది. ఆ తేడా ఎన్నటిదో గాని, పని పూర్తయ్యాక కూడా మూడు మి.మీ.లే ఉంది. నాలుగు తలుపులూ వేలితో నెడితే పడ్డాయి. దూలాలు గట్టిపడ్డాకనే బండిని వాటి మీద నిలిపి కమానులు, టార్షన్ బార్లు విప్పాము. టార్షన్ బారు ఏళ్ళ తరబడి ఒకే దిశలో మెలిపడి ఉంటుంది గనుక ఎడమది కుడికి వేయరాదు. ముందుగానే రంగుతో గుర్తులు పెట్టాము. అతుకుల నడుమ జింకు పూత, పైన సీలు, దూలాల లోపల మైనపు నూనె పిచికారీ. నీటి రంధ్రాలన్నీ తెరచి, ఒక్కొక్కదానిలో తీగ దూర్చి చూశాను.

మాట ఇచ్చినట్టే అడుగుభాగం ఫొటోలు హింద్ మోటార్‌కు పంపాను. నాలుగు ప్రశంసా వాక్యాలు వస్తాయని ఎదురుచూసిన మాట వాస్తవం. సాయంత్రానికి ఫోను వచ్చింది. "బాబూ, ఎడమపక్క బ్రాకెట్టు, వెనకనుంచి మూడో కుట్టు పొట్టిగా ఉంది. అది పూర్తి చెయ్యండి" అని ఒక్కటే మాట. వెళ్ళి చూస్తే నిజమే. దాదాపు తొమ్మిది వందల కిలోమీటర్ల దూరం నుండి, అరచేతంత తెర మీద ఆయనకు కనిపించినది, పక్కనే కూర్చున్న నాకు కనిపించలేదు. మరునాడు ఆ కుట్టు పూర్తి చేయించాను.

సోదర ఉద్యోగులకు నా మనవి ఒక్కటే. పాత వాహనం ఉన్నవారు ఏడాదికి రెండుసార్లు, వర్షాలకు ముందొకసారి, వెనుకొకసారి, దాని కింద చూడండి. రంధ్రాలు శుభ్రం చేయించండి. తుప్పు మీద పూత వేస్తామనేవారికి డబ్బులివ్వకండి. ఒక్కొక్కప్పుడు అమ్మివేయడమే సరైన నిర్ణయం కావచ్చు. అదైనా కిందకు చూశాకే తేలుతుంది. మన పనిచోట కూడా ఇంతే. దస్త్రంలో నున్నగా కనిపించే పూతను నమ్మక, గుచ్చి చూసేవాడు ఉండాలి. గుచ్చి చూడటం తెలిసినవారు పదవీ విరమణ చేసి వెళ్ళకముందే, వారి పక్కన ఒక కుర్రవాడిని కూర్చోబెట్టాలి. ఆ షెడ్డులోని కుర్రవాడు సుద్దబొమ్మను తన నోటుపుస్తకంలోకి ఎక్కించుకోవడం నేను చూశాను. మన షాపులలో ఆ నోటుపుస్తకం ఎవరి చేతిలో ఉందో తెలియదు.

వేసవిలో చందనోత్సవపు రద్దీ తగ్గాక అమ్మను మళ్ళీ సింహాచలం తీసుకువెళ్ళాను. ఆ మలుపు వద్ద కారు ఆపి, అమ్మ "మళ్ళీ ఏమైందిరా?" అంటుండగానే జాకీ తీసి, అదే చోట పెట్టి తిప్పాను. ఈసారి కారు పైకి లేచింది. దించేసి, చేతులు తుడుచుకొని, కొండ ఎక్కించాను.